ఇటుక కాళ్ల అక్షరాలు

"నేనే చంపిన అని చెప్పేస్త అంకుల్," అంది హిమజ.

జైలు ములాఖత్ అద్దానికి అవతల ఉందామె. అటొక ఫోను, ఇటొక ఫోను. బుచ్చిరాములు తన వైపు ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. వినపడక కాదు, విన్నది తప్పయితే బాగుండు అనిపించి.

"చంపినవా?"

"లేదు."

"మరి?"

"వకీలు సార్ అట్లనే చెప్పమన్నరు. మధ్యాహ్నం మేజిస్ట్రేట్ దగ్గరికి తీస్కపోతరట. కోపంల అయిపోయింది, కావాలని చెయ్యలే అంటే కొన్నేండ్లతోని పోతదట. లేకుంటే జిందగీ మొత్తం లోపల్నే అన్నరు."

ఆ వకీలును పెట్టింది పబ్లిషర్ రామచంద్రరావు, ఒడ్డూ పొడుగూ ఉన్న పెద్దమనిషి. చచ్చిపోయిన త్రిమూర్తులుకు నాచారంలో తన ప్రెస్సు పైన గది ఇచ్చిందీ ఆయనే, డిక్షనరీకి కొత్త అక్షరాలు గీసే పని ఇచ్చిందీ ఆయనే, శవానికి దండ వేసిందీ ఆయనే. ఇప్పుడు చంపిందని పోలీసులు లోపలేసిన పిల్ల తరఫున ఫీజు కడుతున్నదీ ఆయనే. అంత మంచితనం ఒక్క మనిషిలో పోగుబడటం బుచ్చిరాములు తన బతుకులో ఎక్కడా చూడలేదు. చూసిన బతుకు కూడా గొప్పదేం కాదు. కానిస్టేబుల్ ఉద్యోగం ఊడిపోయాక ఉప్పల్‌లో పంక్చర్ షాపు పైన డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. పెళ్లికొడుకు తాగుతాడా, పెళ్లికూతురికి ఇంకెవరైనా ఉన్నారా అని సందులు తిరిగి చెప్పడమే పని. అలాంటివాడి దగ్గరికి హాస్టల్లో వంట చేసే సత్తమ్మ వచ్చి, "పోలీసోళ్లు నా బిడ్డ మాట ఇనరు, నువ్వన్న పోయి ఇను అన్నా" అంది. వినడానికే వచ్చాడు.

"మీ సార్ తలకు తగిలిన ఆ ఇనుప దిమ్మె మీద నీ వేలిముద్రలున్నయట."

"ఉంటయి. ప్రింటర్ల నుంచి వచ్చిన కాగితం చుట్టుకపోతది. రోజూ దాని మీద దిమ్మె పెట్టేది నేనే. నావి గాక ఎవరియి ఉంటయి?"

"ఆ పొద్దు లొల్లి పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న." తల దించుకోలేదు ఆ పిల్ల. "ఫాంటుల ఇంగ్లీషు త్రిమూర్తులు సార్‌ది. తెలుగు మొత్తం నేను గీసిన. నాలుగేండ్లు గీసిన. పేరు మాత్రం ఆయనది ఒక్కటే పెడతనంటే ఊకుంటనా? అరిసిన. కింద ప్రెస్సోళ్లందరు ఇన్నరు. అరిసి, బ్యాగేస్కొని ఇంటికి పోయిన. తెల్లారి పోలీసోళ్లొచ్చిన్రు."

"అసలు ఏం ఫాంటమ్మా అది? పాణాలు పోయేటంత ఏమున్నది అండ్ల?"

హిమజ అద్దం మీద వేలితో ఒక నిలువు గీత గీసింది. దాని అడుగున ఒక అడ్డగీత.

"ఇంగ్లీషు అక్షరానికి కింద పాదం ఉంటది గద అంకుల్. మామూలు పుస్తకాలల్ల అది సన్నగుంటది. మాది స్లాబ్ సెరిఫ్. కాడ ఎంత లావో పాదం అంత లావు. ఇటుక మీద నిలబడ్డట్టుంటది. డిక్షనరీకి మస్తు పనికొస్తది, చిన్న సైజుల, పల్చటి కాగితం మీద గూడ అరిగిపోదు. కానీ తెలుగుకు కాళ్లుండవు, తలకట్టుంటది. దాని బరువు పైన, దీని బరువు కింద. రెండిటినీ ఒక్క లైన్ల కూసోపెట్టుడే మా నాలుగేండ్ల గోస."

"కుదిరిందా?"

"పోయిన నెల కుదిరింది. అంతకుముందు పాదాలు మరీ లావుండె. లైను కింద నల్లగ గీత కొట్టినట్టు కనపడేది. మా సార్ అన్ని పాదాలు సన్నం జేసిండు. ఇంకా ప్రెస్సుకు ఇయ్యలే. రామచంద్రరావు సార్ ఒకటే తొందర. మా సార్ ఏమో, నా ప్రాణం పోయినా పచ్చిది ఇవ్వను అని."

ఆ మాట అన్నాక ఆమే ఉలిక్కిపడింది. బుచ్చిరాములు మాట మార్చాడు.

"ఆ గదిల బయటోళ్లకు తెల్వనిది, మీకే తెలిసింది ఏమన్న ఉన్నదా? సోంచాయించి చెప్పు."

"ఏముంటది... గోడకు పేజీలు తలకిందులు పెడ్తం."

"ఎందుకట్ల?"

"సీదా పెడితే కండ్లు చదువుడు మొదలువెడ్తయి. చదివితే మాట కనపడతది గని అక్షరం కనపడదు. ఉల్టా పెడితే నలుపు ఎక్కడ ఎక్కువైందో ఒక్క చూపుల తెలుస్తది. మా సార్ దగ్గర అది రూలు. కొత్తల ఎన్ని తిట్లు తిన్ననో. ఇప్పుడు సీదా పెట్టాలన్నా నాకు చెయ్యి రాదు."

టైమ్ అయిందని వెనకనుంచి వార్డరు కేకేసింది. హిమజ లేచి నిలబడి, ఫోను మాత్రం వదల్లేదు.

"ఏమన్న దొరికితే మా అమ్మకు ఫోన్ చెయ్యండి అంకుల్. కోర్టు కాడనే ఉంటది. నాకు సైగ చేస్తది, ఒప్పుకోను. సైగ చెయ్యకపోతే చెప్పేస్త. నాకు ఇంక ఓపిక లేదు."

*

నాచారంలో ప్రెస్సు పై గదికి వేసిన పోలీసు సీలు ఆ ఉదయమే తీశారు. తాళంచెవి ఓనరుకు అప్పగించడానికి ఎస్సై హృషికేశ్ రావాలి. అంతదాకా కాపలా ఉన్న కానిస్టేబుల్ ఒకప్పుడు బుచ్చిరాములుతో కలిసి బందోబస్తులకు తిరిగినవాడు. "చాయ్ తాగొస్త. నువ్వు లోపల ఉన్నట్టు నాకు తెల్వదు," అని మెట్లు దిగిపోయాడు. వాచ్‌మన్ బిక్షపతి మాత్రం గుమ్మంలోనే నిలబడ్డాడు. ఓనరు ఆజ్ఞట. అతని పక్కనే రెండు సున్నం డబ్బాలు, బ్రష్షులు.

"రేపు సున్నం ఏస్తరా?"

"పొద్దుగాలనే వస్తరన్నా మేస్త్రీలు. కాయితాలన్నీ పీకేసి ఏసుడే."

పోలీసుల కథ బుచ్చిరాములుకు కంఠతా వచ్చు. త్రిమూర్తులు కుర్చీలో కూర్చుని కంప్యూటర్ చూసుకుంటున్నాడు. వెనకనుంచి తలమీద దిమ్మె దెబ్బ. కుర్చీలోనే ముందుకు పడి ప్రాణం పోయింది. నమ్మి వీపు చూపించాడంటే కొట్టింది తెలిసిన మనిషే, కాబట్టి హిమజ. టేబులు మీద నెత్తురు మరక ఎండిపోయి ఉంది. కథకు లోటేమీ కనిపించలేదు.

గోడవైపు తిరిగాడు. కిటికీ నుంచి పిల్లరు దాకా పేజీలే. మీగడ రంగు కాగితం మీద అచ్చు, ప్రతి పేజీ తలకిందులు. హిమజ అన్నట్టు వాటిని చదవబోతే కళ్లు జారిపోతున్నాయి. వరసలు మాత్రం దువ్వినట్టు ఒకే బూడిద రంగులో ఉన్నాయి. అలా చూపు జార్చుకుంటూ పోయి, ఒకచోట ఠక్కున ఆగిపోయాడు.

చదివేస్తున్నాడు. 'అంగడి' అన్న మాట, పక్కన ఇంగ్లీషు అర్థం.

పిల్లరు పక్క పేజీ. అది ఒక్కటే సీదాగా ఉంది.

దగ్గరికి వెళ్లాడు. మిగతావన్నీ ఎత్తులో ఒక గీతకు కట్టుబడి ఉన్నాయి. ఇది ఆ గీత మీదికి పొడుచుకొచ్చి ఉంది. కాగితం కూడా వేరు, తెల్లగా పల్చగా ఉంది. ముక్కు ఆనిస్తే ప్రెస్సు సిరా వాసన. అక్షరాలు అవే, కానీ ప్రతి లైను కిందా స్కేలు పెట్టి నల్లగీత లాగినట్టు బరువు. పక్కనున్న తలకిందుల పేజీని మెడ వంచి చూశాడు, మళ్లీ దీన్ని చూశాడు. అందులో పాదాలు సన్నం. ఇందులో ఇటుకలకు ఇటుకలే.

త్రిమూర్తులు ప్రెస్సుకు ఇవ్వని అక్షరాలు. ప్రెస్సు మిషను మీద అచ్చయిన కాగితం. అదీ సన్నం చెయ్యకముందు పచ్చిది.

గోరుతో కింది మూల ఎత్తాడు. వెనక ప్లాస్టరు పగిలి గుంత పడింది. గుంతలో ఎండిన నెత్తురు, ఒకట్రెండు నెరిసిన వెంట్రుకలు. బుచ్చిరాములు తలకంటే పైన ఉందది. త్రిమూర్తులు ఆజానుబాహువు, నిలబడితే అతని తల వెనక భాగం సరిగ్గా అక్కడికి వస్తుంది. హిమజ బుచ్చిరాములు భుజం దాకా రాదు. ఆ మనిషిని గోడకేసి అంత బలంగా కొట్టాలంటే ఆ పిల్లలాంటివాళ్లు ముగ్గురు కావాలి.

ఇక చెప్పేవాళ్లు అక్కర్లేకపోయింది. తన అక్షరాలు దొంగచాటుగా అచ్చవుతున్నాయని త్రిమూర్తులుకు ఆ రాత్రి తెలిసింది. ఆ కాగితం పట్టుకుని నిలదీశాడు. నిలదీయించుకున్నవాడు గల్లా పట్టి గోడకు కొట్టాడు. శవాన్ని కుర్చీలోకి చేర్చి, దిమ్మెకు నెత్తురు పూసి, గోడ మీది మరక ఏం చెయ్యాలో తోచక చేతికి దొరికిన ఆ కాగితాన్నే పెట్టి మూసేశాడు. ఇన్ని పేజీల మధ్య ఇంకో పేజీ, ఎవరు చూడొచ్చారు? తలకిందులు పెట్టాలని మాత్రం తోచలేదు. జీవితమంతా పుస్తకాలు అచ్చేసినవాడి చెయ్యి కదా, చదవడానికి వీలుగానే పెట్టింది.

ఫొటోలు తీశాడు. దగ్గరనుంచి, దూరంనుంచి, మూల ఎత్తి. తీస్తూనే సత్తమ్మకు ఫోను కొట్టాడు. స్విచ్ఛాఫ్. కోర్టు హాల్లోకి పోయేముందు ఫోన్లు బంద్ చేయిస్తారు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే ఆడగొంతు, అదే మాట.

"బిక్షపతీ, ఆ దినం రాత్రి మీ సేటు పైకి ఎక్కిండా?"

బిక్షపతి సున్నం డబ్బా వైపు చూశాడు. "సార్‌కు మోకాళ్ల నొప్పులన్నా. మెట్లెక్కడు."

"ఎక్కిండా, లేదా?"

"ఎక్కలే అనే చెప్పిన పోలీసోళ్లకు."

"వాళ్లకు ఏం చెప్పినవో నేనడగలే. ఎక్కిండా అని అడిగిన."

బిక్షపతి గోడ మీద కాగితం చూశాడు, కళ్లు తిప్పుకున్నాడు. "ఆ దినం డిక్షనరీ పేజీలు ట్రయల్ ఏసిన్రు. తెల్లారి ఒక్క కాయితం మిగల్చకుండ తుక్కు కింద కొట్టేసిన్రు. గంతే తెలుసు నాకు. పిల్లల చదువులున్నయన్నా. నన్ను కోర్టుకు గుంజకు."

"హిమజ గూడ ఎవలో ఒకళ్ల పిల్లనే గద."

"అందుకే గదన్నా గీ ముక్కన్న చెప్పిన."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

*

హృషికేశ్ చిన్నవాడు. పరీక్ష రాసి నేరుగా ఎస్సై అయ్యాడు. ఇస్త్రీ మడత చెడని యూనిఫాం, నవ్వు చెడని మొహం.

"ఏం కాకా, ఈ గదిల పెళ్లి సంబంధం ఉన్నదా?"

"సారూ, ఒక్కసారి ఇటు రా. ఇది చూడు."

చూపించాడు. కాగితం, గుంత, నెత్తురు, వెంట్రుకలు, లావు పాదాలు, తలకిందుల రూలు, అన్నీ వరసబెట్టి చెప్పాడు. చెప్తుంటే తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించింది. హృషికేశ్ పూర్తిగా విన్నాడు. అందుకే భయమేసింది. మధ్యలో ఆపేవాడితో వాదించవచ్చు.

"అయిపోయిందా? సీలు ఎప్పుడు తీసిన్రు?"

"పొద్దుగాల."

"తీసినంక నువ్వు జొచ్చినవు. ఇప్పుడు ఈ గదిల ఏం దొరికినా అది దొరికినట్టు గాదు. ఆ పిల్ల తల్లి దగ్గర పైసలు తీస్కున్న మనిషివి. నువ్వే అంటించినవంటది కోర్టు. నేనూ అంట."

"నెత్తురు గూడ నేనే పూసిన్నా?"

"కోడి నెత్తురు దొరకదా నాచారంల?"

"టెస్టు చేయించు, తెలుస్తది గద! మీ క్లూస్ టీం ఏం చేసింది? ఒక్క కాగితం ఎత్తి చూడలే?"

"ఇన్ని కాగితాల ఎన్క ఏమున్నదో చూస్కుంట కూసోవాల్నా? దిమ్మె దొరికింది, ముద్రలు దొరికినయి, లొల్లి ఇన్నోళ్లు దొరికిన్రు. పెద్దసార్లు ప్రెస్‌మీట్ పెట్టిన్రు. టీవీల అచ్చింది. ఇప్పుడు పోయి, 'సార్, ఒక కాగితం సీదా ఉన్నది, కేసు ఉల్టా అయింది' అని చెప్పాల్నా? నన్ను భూపాలపల్లి అడవిలకు కొడ్తరు."

"నీ పోస్టింగ్ కోసం పిల్ల లోపల కుళ్లాల్నా?"

నవ్వు మొదటిసారి చెడింది. "నోరు జర కంట్రోల్ల పెట్టుకో. ఉద్యోగం ఊడినోళ్లు నాకు డ్యూటీ నేర్పుడు మొదలువెట్టిన్రు."

బుచ్చిరాములుకు కోపం వచ్చి పోయింది. కోపానికి కూడా టైమ్ లేదు. చేతులు జోడించాడు. ఇరవయ్యేళ్లు సెల్యూట్ కొట్టిన చేతులే, జోడించడం పెద్ద కష్టం కాలేదు.

"ఒక్క ఫోన్ కొట్టు సారూ. కోర్టు కాడ మీ వాళ్లుంటరు గద. ఆ పిల్ల స్టేట్‌మెంట్ ఒక్క దినం ఆపమను. తర్వాత నన్ను లోపలెయ్యి, ఏమన్న చెయ్యి."

హృషికేశ్ కాసేపు ఆ కాగితం వైపే చూశాడు. మూల ఎత్తి గుంతను కూడా చూశాడు.

"సరే. కొడ్త."

ఫోను తీసి నంబరు నొక్కి చెవికి పెట్టుకున్నాడు.

"నమస్తే సార్, హృషికేశ్. మీ పై గదిలనే ఉన్న. తాళంచెవి రెడీ... ఏం లేదు సార్, ఇక్కడ సత్తమ్మ పెట్టుకున్న డిటెక్టివ్ ఒకాయన గోడ మీద కాగితం గురించి లొల్లి చేస్తున్నడు. పిల్లరు పక్కది... ఆ, సీదాగున్నదే. ఎన్క మరకలున్నయంటడు. మీది పాత బిల్డింగు గద, అందుకే అడుగుతున్న... ఫొటోలు గూడ తీస్కున్నడు సార్ ఫోన్ల... అంతే అంటరా? సరే సార్, సరే."

అవతల ఉన్నది రామచంద్రరావు అని తెలిసి బుచ్చిరాములు తన ఫోనును చొక్కా లోపలికి తోసేశాడు. గుమ్మంలో బిక్షపతి కళ్లు మూసుకున్నాడు.

"తేమ మరకలంట," అన్నాడు హృషికేశ్, ఫోను జేబులో పెట్టుకుంటూ. "కోర్టు కాడ్నే ఉన్నడట పెద్దమనిషి, ఆ పిల్ల కోసమే పోయిండు. నువ్వు అసుంటోళ్ల మీద బురద చల్లుతున్నవు. నడువు బయటికి. ఆ కాగితం మీద చెయ్యి వేసినవంటే సాక్ష్యాలు మార్చినవని కేసు రాస్త."

"సాక్ష్యమే గాదంటివి గద ఇప్పుడే."

"నడువు కాకా."

తాళం పడింది.

*

మెట్లు దిగుతూ సత్తమ్మ నంబరు కొడుతూనే ఉన్నాడు. ప్రెస్సు గేటు దగ్గర పెద్ద కటింగ్ మిషను దడదడలాడుతోంది. ఆ చప్పుడులో ఫోను మోగినట్టు అనిపించి చూస్తే నిజంగానే మోగుతోంది. సత్తమ్మే.

"అన్నా, నువ్వు శానా సార్లు ఫోన్ చేసినవట గద? ఇప్పుడే ఆన్ చేసిన."

"సత్తమ్మా, హిమజ చెప్పిందా? సంతకం పెట్టిందా? పెట్టకపోతే ఉరుకు, పోయి వద్దను..."

"అయిపాయె అన్నా." సత్తమ్మ గొంతు ఏడ్చి ఏడ్చి తేలిపోయి ఉంది. "మేజిస్ట్రేటమ్మ శానా మంచిగ అడిగింది. ఎవలన్న బెదిరించిన్రా బిడ్డా అని. లేదు, నేనే చేసిన అన్నది. అనే ముంగట నా దిక్కు చూసింది అన్నా. శానాసేపు చూసింది. నాకేం అర్థం కాలే. నేను ఊకనే చూస్కుంట నిలవడ్డ."

సైగ చేయాలని సత్తమ్మకు చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సినవాడు తలకిందుల కాగితాలు చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఇప్పుడు ఏడున్నవు?"

"రామచంద్రరావు సార్ కార్ల ఉన్న. ఇంటి కాడ దింపుతనన్నడు. వద్దంటే ఇనలే, దేవుడసుంటోడు. ఇందాక సార్‌కు ఫోన్ ఏదో అచ్చింది, పనివడ్డదట. మా ఇంటి మలుపు పోయింది, ఉప్పల్ గూడ దాటిపోయినం అన్నా. గిది నాగోల్ మెట్రో గావచ్చు."

"సత్తమ్మా, ఇను. కారు ఆపమను. కడుపుల తిప్పుతున్నది అను, ఏదన్న చెప్పు. జనం ఉన్నకాడ దిగు. మెట్రో కాడ్నే దిగు."

"ఏమైందన్నా? సారూ, జర ఆపుతరా, మా అన్న దిగమంటున్నడు..."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఆ తర్వాత కారు కిటికీ అద్దం పైకెక్కిన చప్పుడు. రోడ్డు రొద పూర్తిగా పోయింది.

"బుచ్చిరాములుగారా? నమస్కారమండీ, రామచంద్రరావును." పెద్దమనిషి గొంతు, తొందర లేని గొంతు. "మిమ్మల్ని కలవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. గోడ సంగతి వదిలేయండి, రేపు సున్నం వేయిస్తున్నాను. ఆ ఎస్సై కుర్రాడి సంగతి కూడా నేను చూసుకుంటాను. మీ ఫోనులో ఉన్నవాటి సంగతే తేలలేదు. అవి తేలేదాకా సత్తమ్మను నేనే తిప్పుతాను. పాపం, పొద్దుట్నుంచి ఏమీ తినలేదట."

వెనకనుంచి సత్తమ్మ గొంతు సన్నగా వినిపించింది. సార్‌కు నమస్తే చెప్పు అన్నా, అంటోంది.